పోలీసు వెట్టి: ఇన్ఫార్మర్‌ను తయారుచేసేది ఎవరు?
(14వ భాగం)



పోయిన భాగం చదివిన విద్యార్థుల్లో చాలామంది అటు తిప్పి ఇటు తిప్పి ఒకే ప్రశ్న అడిగారు. "అన్నా, మన మధ్యనే ఉండి పోలీసులకు ఉప్పందించేవాణ్ణి ఎట్లా గుర్తుపట్టాలి?" ఈ ప్రశ్న నన్ను భయపెడుతుంది. నలభై ఏళ్లుగా తెలుగు నేల మీద ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతూ ఎంతమంది మాదిగలు, మాలలు, కోయలు, గొత్తికోయలు, బగతలు చచ్చిపోయారో లెక్క రాసినవాడు లేడు. ఇన్ఫార్మర్ ఎవడు అని అందరూ అడుగుతారు. వాణ్ణి ఇన్ఫార్మర్ చేసింది ఎవరు, ఏ కాగితం మీద, ఎవరి సంతకంతో, ఎంత డబ్బుతో అని అడిగేవాళ్లు తక్కువ. ఈ భాగం ఆ రెండో ప్రశ్న గురించి.

మన ఊళ్ల చరిత్ర నుంచి మొదలుపెడదాం. కబురు మోయడం ఈ దేశంలో కులవృత్తి. చావు కబురు పట్టుకుని పది ఊళ్లు తిరిగింది మాదిగోడు. దొర గడి నుంచి తహసీలుకు, పటేలు ఇంటి నుంచి ఠాణాకు చీటీ మోసింది వెట్టివాడు. ఊళ్లోకి కొత్త మనిషి వస్తే పోలీసు పటేలుకు చెప్పాల్సింది కావలికారు, మస్కూరి. చెప్తే ఊరు తిడుతుంది, చెప్పకపోతే పటేలు తంతాడు. కూలి లేదు, హక్కు లేదు, కాదనే వీలు లేదు. వెట్టిని చట్టం రద్దు చేసింది గానీ, కబురు మోసే వెట్టి మాత్రం స్టేషన్లో బతికే ఉంది. పేరు మారింది. ఇన్ఫార్మర్, సోర్స్, కోవర్టు.

నమ్మకం లేకపోతే ఒక సోర్స్ ఎట్లా తయారవుతాడో చూడండి. నాకు తెలిసిన ఒక డిగ్రీ కుర్రాడు, మాదిగవాడ పిల్లగాడు, మిత్రుడి బండి మీద పోతుంటే ఆపారు. బండికి కాగితాలు లేవు. స్టేషన్లో కూర్చోబెట్టారు. దొంగబండి కేసు పెడతామన్నారు. రాత్రి పదింటికి ఒకాయన వచ్చి భుజం మీద చెయ్యేసి చాయ్ తాగించి, "చదువుకునే పిల్లగానివి, కేసైతే ఉద్యోగం రాదురా. ఏం లేదు, మీ హాస్టల్లో అంబేద్కర్ సంఘం మీటింగులకు ఎవరెవరు వస్తున్నరో వారానికోసారి నాకు చెప్పు చాలు" అన్నాడు. కాగితం లేదు, కేసు లేదు, సాక్షి లేడు. ఆ కుర్రాడికి ఆ రాత్రి ఎవరికి ఫోన్ చేయాలో తెలియదు. బండి కాగితాలు లేని రెడ్డిగారబ్బాయికో, చౌదరిగారబ్బాయికో ఈ చాయ్ పోయరు. వాళ్ల బాబాయి ఫోన్ వస్తుంది, పిల్లగాడు బయటికి పోతాడు. ఫోన్ చేసే బాబాయి లేనివాడే సోర్స్ అవుతాడు. ఇదే రిక్రూట్‌మెంట్.

ఈ పద్ధతి మన పోలీసులు కనిపెట్టింది కాదు. మీలో చాలామంది హాస్టల్ గదుల్లో ఫ్రెడ్ హాంప్టన్ బొమ్మ ఉంది. 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ ఏ బ్లాక్ పాంథర్స్ పేరు పెట్టుకున్నారో, ఆ పార్టీకి చికాగోలో నాయకుడు. 1969 డిసెంబరు 4 తెల్లవారుజామున పోలీసులు ఇంట్లోకి చొరబడి కాల్చి చంపేనాటికి అతనికి 21 ఏళ్లు. పక్కన మార్క్ క్లార్క్‌నూ చంపారు. పోలీసుల తూటాలు తొంభైకి పైగా, పాంథర్ల వైపు నుంచి పేలింది ఒక్కటి. హాంప్టన్ ఏ గదిలో, ఏ మంచం మీద పడుకుంటాడో గీసిన ఇంటి పటం పోలీసులకు ముందే చేరింది. ఇచ్చినవాడు విలియం ఓనీల్, పాంథర్ల భద్రత చూసుకునే మనిషి. టీనేజీలో కారు దొంగతనం కేసులో దొరికిపోతే ఎఫ్‌బీఐ ఏజెంటు ఒకాయన కేసు బదులు ఈ పని అంటగట్టాడు. మన పిల్లగాడి బండి కథే. హాంప్టన్ చనిపోయాక ఓనీల్‌కు ఎఫ్‌బీఐ ఇచ్చిన బోనస్ 300 డాలర్లు. 1990లో అతను ఆత్మహత్య చేసుకున్నాడు.

ఓనీల్ గురించి మీరు గుర్తుపెట్టుకోవాల్సింది ఇంకొకటి ఉంది. పార్టీలో ఇన్ఫార్మర్లను పట్టుకోవాలని అందరికంటే గట్టిగా అరిచినవాడు అతనే. ఇన్ఫార్మర్లను భయపెట్టడానికని కరెంటు కుర్చీ ఒకటి తయారుచేశాడు కూడా. మీ సంఘంలో ఎవరైనా రోజూ పక్కవాడి మీద అనుమానం పెంచుతుంటే ఈ సంగతి గుర్తు తెచ్చుకోండి. అట్లాగని వాడే ఇన్ఫార్మర్ అని తేల్చేయకండి. వేట మొదలైందంటే స్టేషన్ పని సగం అయిపోయినట్టే అని చెప్తున్నా.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. నయీం.

భువనగిరి పిల్లగాడు. నక్సలైటు ఉద్యమంలో పనిచేశాడు. గ్రేహౌండ్స్‌ను నిర్మించిన ఐపీఎస్ అధికారి వ్యాస్‌ను 1993 జనవరిలో హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో చంపిన కేసులో నిందితుడు. అట్లాంటివాడు తర్వాత పోలీసుల మనిషి అయ్యాడు. పోలీసు అధికారిని చంపిన కేసులో ఉన్నవాణ్ణి పోలీసులే దగ్గరికి తీశారంటే వాడితో ఎంత పెద్ద పని పడిందో ఊహించుకోండి. 1999లో తెలంగాణ పాట బెల్లి లలితను చంపి శరీరాన్ని ముక్కలు చేశారు. 2000 నవంబరులో పౌరహక్కుల సంఘం నాయకుడు పురుషోత్తంను హైదరాబాద్‌లో నరికి చంపారు. మూడు నెలలు తిరక్కుండానే 2001 ఫిబ్రవరిలో నల్గొండలో ఆజం అలీ. గ్రీన్ టైగర్స్ అని, నల్లమల కోబ్రాస్ అని పేర్లు పుట్టాయి. మాజీ నక్సలైట్లను పోలీసులు ముఠాలుగా కట్టి నడుపుతున్నారని హక్కుల సంఘాలు ఆనాడే నెత్తీనోరూ కొట్టుకున్నాయి. లలిత హత్యలోనూ, ఆజం అలీ హత్యలోనూ నయీం ముఠా పేరు వినిపించింది. తర్వాత 2011లో సాంబశివుడు, 2014లో ఆయన తమ్ముడు కోనపురి రాములు. ఇద్దరూ ఉద్యమం వదిలి బయటికొచ్చి రాజకీయాల్లో తిరుగుతున్న వాళ్లే. అక్కడా అదే పేరు.

ఆ తర్వాత ఆ మనిషి రియల్ ఎస్టేట్‌లోకి దిగాడు. బెదిరింపులు, సెటిల్‌మెంట్లు, భూములు. 2016 ఆగస్టు 8న షాద్‌నగర్‌లో ఎన్‌కౌంటర్. ఇళ్లల్లో కట్టలుగా డబ్బు, ఆయుధాలు, కుప్పలుగా భూమి పత్రాలు దొరికాయి. సిట్ వేశారు. 2017లో కొందరు పోలీసు అధికారులను సస్పెండ్ చేశారు. అంతే. ఇరవై ఏళ్ల పాటు ఈ మనిషిని ఎవరు నడిపారు? ఏ ఫైలు మీద? వాడు చేస్తున్న నేరాలు తెలిసి ఏ అధికారి కళ్లు మూసుకున్నాడు? దీనికి బోనులో నిలబడి ఎవరూ జవాబు చెప్పలేదు. చెప్పగలిగిన ఒకే ఒక్క సాక్షి షాద్‌నగర్‌లో చచ్చిపోయాడు. చంపింది ఆ జవాబు ఇబ్బంది పెట్టే డిపార్ట్‌మెంటే.

నయీం మీద నాకు జాలి లేదు. కానీ ఒక పేద ముస్లిం యువకుణ్ణి వాడుకుని, రాక్షసుణ్ణి చేసి, బరువయ్యాక దించేసుకున్న వ్యవస్థ ఇప్పటికీ జీతం, పెన్షన్ తీసుకుంటోంది. సినిమాలు తీసినా, టీవీల్లో గంటలు గంటలు చూపించినా కెమెరా మొత్తం వాడి మీదే ఉంది.

ఇన్ఫార్మర్ మీద మోజు తీరితే ఏమవుతుందో చెప్పడానికి ఢిల్లీ కేసు ఒకటి చాలు. 2006 ఫిబ్రవరిలో ఢిల్లీ స్పెషల్ సెల్ ఇద్దరు ముస్లిం యువకులను భయంకర ఉగ్రవాదులని చూపించి, పేలుడు పదార్థాలు దొరికాయని కేసు పెట్టింది. హైకోర్టు సీబీఐకి అప్పగిస్తే సీబీఐ తేల్చిందేమిటి? ఆ ఇద్దరూ స్పెషల్ సెల్‌కు, ఇంటెలిజెన్స్ బ్యూరోకు ఇన్ఫార్మర్లు. సాక్ష్యాలు పెట్టింది పోలీసులే. 2008లో సీబీఐ ఈ మాట చెప్పినా, వాళ్లు నిర్దోషులుగా బయటపడింది 2016 డిసెంబరులో. పదేళ్లకు పైగా. ఇన్ఫార్మర్‌కు రక్షణగా రహస్యం అంటారు కదా. ఆ రహస్యం వల్లే వాళ్లు "మేము మీ మనుషులమే" అని నిరూపించుకోవడానికి పదేళ్లు పట్టింది. మేము పనిచేశామని చూపించుకోవడానికి వాళ్ల చేతిలో ముక్క కాగితం లేదు.

ఇక్కడ చట్టం సంగతి చూడండి. నేరం గురించి సమాచారం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పమని పోలీసు అధికారిని ఎవరూ బలవంతపెట్టకూడదని 1872 సాక్ష్య చట్టం 125వ సెక్షన్ అన్నది. ఇంగ్లీషువాడు పోయాడు, సెక్షన్ పోలేదు. కొత్త భారతీయ సాక్ష్య అధినియంలో 131గా నంబరు మార్చుకుని కూర్చుంది. సమాచార హక్కు చట్టంలో కూడా 8(1)(జి) కింద సమాచారం ఇచ్చినవాడి వివరాలు చెప్పక్కర్లేదు. ఇవన్నీ ఇన్ఫార్మర్ పేరు దాచడానికి. సరే, దాచండి. నేనూ దాచమనే అంటా. కానీ పేరు దాచే చట్టం ఉన్న దేశంలో, ఇన్ఫార్మర్‌ను ఎవరు పెట్టుకోవచ్చు, ఎవరిని పెట్టుకోకూడదు, ఏం చేయించకూడదు, చచ్చిపోతే ఎవరు బాధ్యులు అని చెప్పే చట్టం ఒక్కటి కూడా లేదు. తలుపుకు తాళం ఉంది, లోపల ఏం జరుగుతుందో అడిగే హక్కు ఎవరికీ లేదు. సీక్రెట్ ఫండ్ నుంచి ఎవరికి ఎంత ఇచ్చారో మామూలు ఆడిట్‌కు వివరంగా రాదు. కూలి పనికి మస్టరు రోల్ అడిగే ప్రభుత్వం ఇది. వంద రోజుల పనిలో ఒక ముసలమ్మ వేలిముద్ర పడకపోతే కూలి ఆపుతుంది.

రికార్డులే లేకపోతే ఒక సమస్య, ఉన్న రికార్డులు మాయం కావడం ఇంకో సమస్య. మావోయిస్టుల మీద నిఘా కోసమని పుట్టిన ఎస్‌ఐబీలో రాజకీయ నాయకుల ఫోన్లు విన్నారని, 2023 డిసెంబరులో ప్రభుత్వం మారగానే హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారని అభియోగం. 2024 మార్చిలో అరెస్టులు మొదలయ్యాయి. కేసు కోర్టు తేల్చాలి. అయినా ఒక ప్రశ్న మిగులుతుంది. ఆ డిస్కులు పోతే నాయకుల సంగతి పత్రికల్లో వచ్చింది. వాటితో పాటు ఏ ఏజెన్సీ కుర్రాడు ఎవరికి ఏం చెప్పాడో, వాడికి ఏం మాట ఇచ్చారో ఆ లెక్క కూడా పోయి ఉంటే, దాని గురించి అడిగే గొంతు ఏది?

గోదావరి అవతలికి వెళ్తే వెట్టికి తుపాకీ కూడా ఇచ్చారు. ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం రోజుల్లో ఆదివాసీ పిల్లలను ఎస్‌పీఓలుగా తీసుకున్నారు. దారి చూపడానికి, మనుషుల్ని గుర్తుపట్టడానికి, సమాచారం తేవడానికి. అయిదో తరగతి పాసైతే ప్రాధాన్యం. రెండు నెలల శిక్షణ. నెలకు 3,000 రూపాయలు. 2011 నాటికి వాళ్ల సంఖ్య 6,500. అప్పటికే 173 మంది చనిపోయారని ప్రభుత్వమే కోర్టుకు చెప్పింది. 2011 జులై 5న నందినీ సుందర్ కేసులో మన తెలుగాయన జస్టిస్ సుదర్శన్ రెడ్డి, జస్టిస్ నిజ్జర్ ఇది 14, 21 అధికరణలకు విరుద్ధమని కొట్టేశారు. చదువు లేని పేద పిల్లల చేతికి తుపాకీ ఇచ్చి ముందు నడిపించడం సమానత్వం కాదని, వాళ్ల బతుకు హక్కును తీసేయడమేనని తీర్పు సారాంశం. విద్యార్థులు ఆ తీర్పు మొత్తం చదవండి. తర్వాత ఏం జరిగింది? ఆ రాష్ట్రం అదే ఏడాది కొత్త చట్టం తెచ్చుకుంది. ఇప్పుడు డీఆర్‌జీలో లొంగిపోయినవాళ్లే తమ పాత సహచరుల మీదికి ముందు వరసలో వెళ్తున్నారు. లొంగుబాటు అంటే ఇంటికి పోవడం అనుకుంటాం మనం.

ఇక రెండో వైపు. ఇది రాస్తే కొందరు మిత్రులకు కోపం వస్తుంది, రానీయండి. 2024 నవంబరులో ములుగు జిల్లా వాజేడు మండలంలో ఇద్దరు ఆదివాసులను ఇన్ఫార్మర్లని మావోయిస్టులు చంపారు. ఒకరు పంచాయతీ కార్యదర్శి. అంతకు ముందు చింతపల్లి, జీకే వీధి, చర్ల వైపు ఇట్లాంటి శవాలు, శవం పక్కన కరపత్రాలు ఎన్నో. ఆ కరపత్రంలో ఉండే విచారణ ఏది? సాక్షి ఎవరు? వకీలు ఎవరు? బూటకపు ఎన్‌కౌంటర్ అని స్టేషన్ ముందు ధర్నా చేసే మనం ఈ కరపత్రం ముందు ఎందుకు గొంతు సవరించుకుంటాం? ఆదివాసీని అటు పోలీసు కొడతాడు, చెప్పు అని. ఇటు దళం కొడుతుంది, చెప్పావు అని. ఇద్దరి మధ్య నలిగే మనిషికి మూడో దారి ఇవ్వని రాజకీయం ఎవరిదైనా నాకు పనికిరాదు. వాణ్ణి స్టేషన్‌కు పిలిపించి, ఊరందరూ చూసేట్టు జీపులో దింపి పోయిన ఎస్సైకి ఆ చావులో వాటా ఉంది. జీపు ఊళ్లోకి వచ్చిందంటే ఊరికి ఏం అర్థమవుతుందో ఎస్సైకి తెలియదా?

ఇంత పెద్ద సమాచార యంత్రాంగం మన కోసం ఎప్పుడైనా పనిచేసిందా? 1985 జులైలో కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపేముందు ఏ సోర్స్ పోలీసులకు ఫోన్ చేశాడు? 1991 ఆగస్టులో చుండూరులో పోలీసులు ఊళ్లో ఉండగానే మాలపల్లె మీద పడి ఎనిమిది మందిని నరికారు. 2012లో లక్ష్మీపేటలో అయిదుగురు. ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక నిబంధనలు, 1995, మూడో నిబంధన ఏం చెప్తుంది? అత్యాచారాలు జరిగే అవకాశం ఉన్న ప్రాంతాలను ముందే గుర్తించాలి, జాగ్రత్త తీసుకోవాలి. గుర్తించాలంటే సమాచారం కావాలి. పెత్తందార్ల ఇళ్లల్లో, రచ్చబండల దగ్గర, రైస్ మిల్లుల్లో జరిగే మీటింగుల సమాచారం. ఆ మీటింగుల్లో సోర్స్‌లు ఉండరు. హాస్టల్లో పదిమంది కూర్చుని 'కుల నిర్మూలన' చదివితే ఆ సాయంత్రానికే పేర్లు స్టేషన్‌కు చేరతాయి.

అందుకే ఇన్ఫార్మర్లే వద్దు అని నేననను. ఫలానా రాత్రి మా వాడ మీద దాడికి వస్తున్నారని ఒక పాలేరు పరుగెత్తుకొచ్చి చెప్తే వాడూ ఇన్ఫార్మరే. పిల్లల్ని అమ్మే ముఠా గురించి చెప్పిన ఆడమనిషీ ఇన్ఫార్మరే. వాళ్ల పేరు చచ్చినా బయటికి రాకూడదు. నా కొట్లాట పేరు దాచడం మీద కాదు, పద్ధతి లేకపోవడం మీద.

పద్ధతి అంటే ఏమిటి? వేరే దేశాల్లో ఏం చేశారో చూద్దాం, వాళ్లను దేవుళ్లను చేయకుండా. బ్రిటన్‌లో 2000లో చేసిన చట్టం ప్రకారం సోర్స్‌ను పెట్టుకోవాలంటే పై అధికారి రాతపూర్వక అనుమతి కావాలి. సోర్స్‌తో మాట్లాడే అధికారి ఒకరు, ఆయన మీద కన్నేసే అధికారి ఇంకొకరు. సోర్స్‌కు ఏం ప్రమాదమో ముందే రాసిపెట్టాలి. పదహారేళ్ల లోపు పిల్లల్ని తల్లిదండ్రుల మీదికి వాడకూడదు. మరి అదే బ్రిటన్ పోలీసులు, 1993లో జాత్యహంకారులు చంపిన నల్లజాతి కుర్రాడు స్టీఫెన్ లారెన్స్ కుటుంబం చుట్టూ న్యాయపోరాటం చేస్తున్నవాళ్ల మధ్యకే మారువేషం పోలీసులను పంపారు. ఇది బయటికి వచ్చింది ఇరవై ఏళ్ల తర్వాత. అమెరికాలో ఎఫ్‌బీఐకి ఇన్ఫార్మర్ల మీద మార్గదర్శకాలున్నాయి. 2005లో ఆ ప్రభుత్వపు ఇన్‌స్పెక్టర్ జనరలే కొన్ని ఫైళ్లు తీసి చూస్తే 87 శాతం ఫైళ్లలో ఏదో ఒక ఉల్లంఘన దొరికింది. నియమం ఉన్నంత మాత్రాన న్యాయం రాదు. కానీ నియమం ఉంది కాబట్టి ఫైలు ఉంది, ఫైలు ఉంది కాబట్టి ఆ 87 శాతం బయటపడింది. మన దగ్గర లెక్క తీయడానికి ఫైలు ఏది?

ఫ్లోరిడాలో 2008లో రేచల్ హాఫ్‌మన్ అనే 23 ఏళ్ల అమ్మాయిని గంజాయి కేసులో పట్టుకుని, కేసు తగ్గిస్తామన్న ఆశ చూపి, ఏ శిక్షణా లేకుండా డ్రగ్స్, తుపాకీ కొనడానికి పంపారు. ఆమెను చంపేశారు. తల్లిదండ్రులు పట్టు వదల్లేదు. ఏడాది తిరిగేసరికి ఆమె పేరుతో చట్టం వచ్చింది. సోర్స్‌లను వాడే పోలీసులకు శిక్షణ ఉండాలి. కేసు తగ్గుతుందన్న గ్యారంటీ లేదని ముందే చెప్పాలి. లాయరుతో మాట్లాడతానంటే మాట్లాడనివ్వాలి. చదువుకున్న తెల్ల కుటుంబం కాబట్టి ఏడాదిలో చట్టం వచ్చిందనే మాట కూడా నిజమే. మన తల్లులు దండకారణ్యం అంచున శవాల కోసం పోస్ట్‌మార్టం గది ముందు కూర్చుంటారు, వాళ్ల పేరుతో చట్టం రాదు.

మనం అడగాల్సింది ఇంత కష్టమైనదేం కాదు. కేసు పెడతామని బెదిరించి సోర్స్‌ను చేసుకోవడం నేరం కావాలి. మైనర్లను అసలు ముట్టకూడదు. ఒక్క అధికారి జేబులో ఉండే సోర్స్ అంటూ ఉండకూడదు. సీల్డ్ కవరులో రిజిస్టరు ఉండాలి, దాన్ని పోలీసు కాని మనిషి, జిల్లా జడ్జి లాంటి వారు, ఏటా తెరిచి చూడాలి. సోర్స్ నేరం చేస్తున్నాడని తెలిసి ఊరుకున్న అధికారి ఆ నేరంలో ముద్దాయి కావాలి. నయీం కథలో ఈ ఒక్కటి ఉన్నా కొన్ని ప్రాణాలు మిగిలేవి. సోర్స్ చనిపోతే అతని కుటుంబానికి హోంగార్డు కుటుంబానికి వచ్చేంతైనా రావాలి, గుట్టుగా కవరులో పెట్టి కాదు, హక్కుగా. చట్టబద్ధమైన విద్యార్థి సంఘాల్లో, కుల సంఘాల్లో, యూనియన్లలో సోర్స్‌లను పెట్టడం పూర్తిగా ఆపాలి. మా మీటింగులకు పోస్టరు ఉంటుంది, టైము ఉంటుంది. రండి, వెనక వరసలో కూర్చోండి, యూనిఫాంలో.

చివరగా, స్టేషన్ నుంచి ఫోన్ వస్తే ఏం చేయాలో అడిగిన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు. "ఒకసారి వచ్చి పో" అన్న ఫోన్‌కు చట్టంలో విలువ లేదు. సాక్షిగా పిలవాలంటే కొత్త నాగరిక్ సురక్షా సంహిత 179 కింద రాతపూర్వకంగా పిలవాలి. ఆడవాళ్లను, పదిహేనేళ్ల లోపు పిల్లలను, అరవై దాటిన వాళ్లను ఇంటి దగ్గరే విచారించాలి, స్టేషన్‌కు రమ్మనకూడదు. నిందితుడిగా పిలిస్తే 35(3) నోటీసు అడగండి. పోలీసు ముందు ఇచ్చిన వాంగ్మూలం మీద సంతకం పెట్టనక్కర్లేదు. ఒంటరిగా పోకండి, ఇద్దరు తోడు వెళ్లండి, లోపలికి వెళ్లిన టైము, బయటికి వచ్చిన టైము, మాట్లాడిన అధికారి పేరు రాసిపెట్టండి.

సంఘం బాధ్యులకు ఒక మాట. మీ దగ్గరికి ఒక జూనియర్ వచ్చి, "అన్నా, నన్ను మీ గురించి చెప్పమంటున్నరు" అని ఏడిస్తే, వాణ్ణి మీటింగులో నిలబెట్టి ప్రశ్నలు వేయొద్దు, గ్రూపుల్లో పేరు పెట్టొద్దు. అప్పటిదాకా వాడు ఏం చెప్పాడో కూడా అడగొద్దు. అదే రోజు లాయరు దగ్గరికి తీసుకుపోండి. ఎస్పీకి, మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు వాడి ఒక్కడి పేరు మీద కాకుండా సంఘం పేరు మీద రాయండి.

సీక్రెట్ ఫండ్ గురించి 15వ భాగంలో.